విస్తరి ఖర్చు, కంచం ఖర్చు

అప్పుల పాలైన కుటుంబానికి ఏం మిగల్చాలన్నది 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్‌లో ఉంది. కోర్టు డిక్రీ వచ్చాక బాకీదారు ఆస్తిలో ఏవి జప్తు చెయ్యవచ్చో, ఏవి ముట్టకూడదో అది విడమరిచి చెబుతుంది. ముట్టకూడని వాటిలో మొట్టమొదటి వరసలోనే ఒంటిమీది బట్టలు, వంటపాత్రలు, పడకలు, పక్కబట్టలు ఉంటాయి. నిత్యం వాడుకునే పాత్రలను చట్టం పేరుపెట్టి కాపాడవలసి వచ్చిందంటే వాటి విలువ ఏపాటిదో తెలుస్తుంది. బంగారం లేని ఇంట్లో కూడా తూకం వేసి అమ్ముకోదగ్గ లోహం వంటింట్లో ఉండేది. కంచు కంచం, ఇత్తడి బిందె, రాగి చెంబు కష్టకాలంలో తాకట్టుకు వెళ్లేవి, మంచి రోజులొస్తే తిరిగొచ్చేవి. అదే ఇంటి చూరులో దోపిన విస్తరాకుల కట్టను మాత్రం ఏ అప్పులవాడూ అడగలేదు. అది ఒక్క పూట వస్తువు. అన్నం తినే రెండు సాధనాల్లో ఒకటి ఆస్తి, రెండోది ఆకు. తెలుగువాళ్ల ఇళ్లలో ఈ రెండూ వందల ఏళ్లు పక్కపక్కనే బతికాయి. ఏది చవక, ఏది ఖరీదు అన్న ప్రశ్నకు ఆ సహజీవనంలోనే జవాబు దొరుకుతుంది.

ఇవాళ ఆ ప్రశ్న అడిగినప్పుడు మనం చూసేది అంగట్లో ధర ఒక్కటే. కాగితం ప్లేటు రూపాయో రెండు రూపాయలో, స్టీలు కంచం వందా నూటయాభై. ఈ పోలిక సగం కూడా నిజం కాదు. తినే పాత్రకు ఎప్పుడూ మూడు ఖాతాలుంటాయి. మొదటిది కొనుగోలు: సరుకుకు, పనితనానికి ఇచ్చే డబ్బు. రెండోది చాకిరి: కోసుకొచ్చి కుట్టేవాళ్ల శ్రమ, తోమి కడిగి బోర్లించేవాళ్ల శ్రమ. మూడోది ఎంగిలి: తిన్న తరువాత మిగిలినది ఎక్కడికి పోతుంది, దాన్ని ఎవరు ఎత్తుతారు, అది ఎన్నాళ్లకు మట్టిలో కలుస్తుంది. మన పూర్వీకులు వాడిన ఆకు, లోహం, ఆ తరువాత వచ్చిన స్టీలు, చివరికి వచ్చిన ప్లాస్టిక్ పూత కాగితం, వీటిలో ఏది చవక అనిపించినా, ఆ చవక వెనుక ఈ మూడు ఖాతాల్లో ఒకదాని బరువును మరెవరో మోస్తున్నారు. వాడిపారేసేవాటికీ మళ్లీ వాడేవాటికీ ఉన్న తేడాను ఈ మూడు ఖాతాలూ కలిపి చూస్తేనే న్యాయమైన లెక్క తేలుతుంది.

ముందు ఆకు సంగతి. విస్తరి ఊరికే వచ్చే వస్తువని అనుకుంటాం కానీ, అదొక పెద్ద వృత్తి. తెలంగాణ మెట్టల్లో మోదుగ, తూర్పు కనుమల్లో అడ్డాకు, ఊళ్ల పొలిమేరల్లో మర్రి, గోదావరి లంకల్లో అరటి. ఏ నేల ఏ ఆకు ఇస్తే ఆ ఆకులోనే అక్కడివాళ్లు తిన్నారు. మోదుగలో ఒక్కో కాడకు మూడేసి ఆకులుంటాయి. అవి చిన్నవి కాబట్టి ఐదారు కలిపి కుడితేగానీ విస్తరి కాదు. అడ్డ పెద్ద చెట్లను అల్లుకుని పైకి ఎగబాకే బలమైన తీగ. దాని ఆకు వెడల్పు, మందం. కోసి, ఎండబెట్టి, కట్టలు కట్టి, సన్నటి పుల్లలతో గుచ్చితే నెలల తరబడి నిలవుంటుంది. వాడేముందు కాసిని నీళ్లు చల్లితే మెత్తబడుతుంది. విశాఖ మన్యంలో గిరిజన కుటుంబాలకు ఈ ఆకు సేకరణ ఒక రాబడి. 1956లో మొదలైన గిరిజన సహకార సంస్థ కొనే అటవీ సరుకుల్లో అడ్డాకు కూడా ఒకటి. అరిటాకైనా ఉచితం కాదు. గెలను పోషించేది ఆకే కనుక, ఆకు కోస్తే గెల బక్కచిక్కుతుంది. రైతు ఆ నష్టం చూసుకునే ఆకు ధర చెబుతాడు. కాబట్టి విస్తరిలో కొనుగోలు ఖాతా చిన్నదిగా కనిపించినా, అందులో చాకిరి ముందే కలిసి ఉంది: అడవిలో కోసిన చేతులది, సాయంత్రాలు అరుగుల మీద కూచుని కుట్టిన చేతులది. అన్నీ ఉన్న విస్తరి అణిగి ఉంటుంది, ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుంది అన్న సామెత, ఆ తేలికపాటి వస్తువు గాలికి లేచిపోవడాన్ని రోజూ చూసినవాళ్ల నోట పుట్టినది.

కంచం లెక్క దీనికి పూర్తిగా వేరు. కంచు అంటే సుమారు 78 పాళ్ల రాగి, 22 పాళ్ల తగరం కలిసిన లోహం. గట్టిది, మోగేది, కిందపడితే పగిలేది. ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం. శ్రీకాకుళం జిల్లా బుడితి, తణుకు దగ్గరి అజ్జరం లాంటి ఊళ్లలో కంచరుల పొయ్యిలు ఈ లోహాలతోనే వెలిగాయి. మన తిండి పులుపు తిండి. చింతపండు చారు, పులుసు, పెరుగు, మజ్జిగ ఉత్త ఇత్తడికి తగిలితే చిలుము పడుతుంది. అందుకే ఇత్తడికి లోపల తగరపు పూత, అంటే కళాయి, పెట్టించాలి. కళాయివాడు వీధిలో కొలిమితిత్తి దించి, పాత్రను కాల్చి, నవాసాగరం చల్లి, తగరం కరిగించి గుడ్డతో తిప్పి రాస్తే లోపల వెండిలా మెరిసేది. కొన్ని నెలలకు మళ్లీ ఆ పని, మళ్లీ ఆ కూలి. కంచుకు కళాయి అక్కర్లేదు, కానీ ఖరీదెక్కువ. ఇన్ని ఖర్చులున్నా లోహం ఎందుకు గెలిచింది? ఎందుకంటే అది ఖర్చు కాదు, పొదుపు. పాత పాత్రను కంచరికిస్తే తూకం కట్టి, తరుగు తీసి, మజూరీ పుచ్చుకుని కొత్తది ఇచ్చేవాడు. లోహం విలువ ఎక్కడికీ పోలేదు. ఆడపిల్లకు సారెలో పాత్రలు పెట్టడంలోనూ ఇదే ఆలోచన. అవి వంటకీ, భోజనానికీ పనికొస్తూనే ఆమె వెంట వెళ్లే పొదుపు కూడా.

ఈ రెండింటినీ మనవాళ్లు పోటీకి పెట్టలేదు, పని పంచారు. ఇంట్లో నిత్యం తినేవాళ్ల సంఖ్య స్థిరం కనుక స్తోమత ఉన్న ఇళ్లలో రోజువారీ భోజనం కంచంలో. పెళ్లి, తద్దినం, సంతర్పణ వచ్చినప్పుడు తినేవాళ్లు నలుగురి నుంచి నాలుగు వందలకు పెరుగుతారు కనుక ఆ రోజు ఆకు. ఒక్క రోజు కోసం నాలుగు వందల కంచాలు కొని, ఏడాదంతా అటకెక్కించడం ఏ జమీందారుకైనా దండగే. పూటకూళ్ల ఇంటిదీ ఇదే సమస్య. కాకతీయుల ఓరుగల్లును కళ్లకు కట్టే క్రీడాభిరామంలో ఒక్క రూకకు దొరికే భోజనం వర్ణన ఉంది. పప్పు నుంచి పెరుగు దాకా వడ్డించేవన్నీ అందులో పేరుపేరునా వస్తాయి, తినే పాత్రకు మాత్రం వేరే లెక్క లేదు. పూటకూలిలోనే అదీ కలిసిపోయింది. ఇక కంచం కొనలేని ఇళ్లు ఎన్నో. అక్కడ మట్టి చిప్పలు, మూకుళ్లు, పొలం గట్టున ఆకు డొప్పలు. తెలంగాణలో కల్లు తాగడానికి తాటాకు మడిచిన రేక నేటికీ ఉంది. అంటే వాడిపారేసే పాత్ర ఒకవైపు విందుకు, మరోవైపు పేదరికానికి గుర్తుగా నిలిచింది. నడుమ మళ్లీ మళ్లీ వాడే కంచం నిలకడైన సంసారానికి గుర్తయింది. నిత్యం తినేవాళ్లకు నిలిచే పాత్ర, ఒక్క పూట తినేవాళ్లకు నేలలో కలిసే పాత్ర అన్నది ఆ పంపకంలోని సూత్రం. ఇది ఆర్థికంగా ఎంత గట్టిదో తరువాత లెక్కల్లో చూద్దాం.

అయితే ఆ పాత ఏర్పాటును పొగిడి ఊరుకుంటే అన్యాయం చేసినట్టే. దాని చవకతనంలో పెద్ద భాగం చాకిరి ఖాతా నుంచి వచ్చింది, ఆ ఖాతాకు ఎవరూ జీతం కట్టలేదు. కంచం తోమింది ఇంటి ఆడవాళ్లు. బూడిద, చింతపండు తొక్కు, కొబ్బరి పీచు, దూరపు బావి నుంచి మోసుకొచ్చిన నీళ్లు. సబ్బుకు ఖర్చు లేదంటే కట్టెల పొయ్యి బూడిద ఇచ్చింది కనుక. కూలికి ఖర్చు లేదంటే ఆమె నడుం వంగింది కనుక. ఎంగిలి ఖాతా ఇంకా చేదు. ఎంగిలి ముట్టుకుంటే మైల అన్న నమ్మకం వల్ల, తిన్న ఆకులు ఎత్తే పని సంఘంలో కింద నిలబెట్టినవాళ్ల పాలైంది. విందు ముగిశాక పారేసిన ఆకుల్లో మిగిలినదానికి ఆకలిగొన్నవాళ్లు ఎదురుచూసిన కాలం మన చరిత్రలో ఉంది. మళ్లీ వాడే పాత్ర కూడా నిర్దోషి కాదు. హోటళ్లలో దళితులకు విడిగా గ్లాసులు పెట్టిన రెండు గ్లాసుల పద్ధతి మన ఊళ్లకు కొత్తది కాదు. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం, తరువాత పౌర హక్కుల రక్షణ చట్టంగా పేరు మార్చుకున్నది, తన 4వ సెక్షన్‌లో హోటళ్లలో, సత్రాల్లో అందరి కోసం ఉంచిన పాత్రలను వాడకుండా ఎవరినైనా అడ్డుకోవడం నేరమని పాత్రల పేరెత్తి మరీ చెప్పింది. పాత్ర ఖర్చు గురించి మాట్లాడేవాళ్లు ఈ అవమానపు ఖర్చును కూడా పద్దులో రాయాలి.

ఈ నేపథ్యంలోనే స్టీలు రాకను అర్థం చేసుకోవాలి. దానికి ముందు అల్యూమినియం వచ్చింది. 1898లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో అల్యూమినియం పాత్రల తయారీ మొదలుపెట్టాడు. అప్పటి కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలోనివే. తేలిక, చవక, కళాయి అవసరం లేని ఈ లోహాన్ని మనవాళ్లు వెండిని తలచుకుని సిల్వరు అన్నారు, కొన్నిచోట్ల సత్తు అన్నారు. కానీ పులుపుకు అది కూడా ఓర్చుకోదు, సొట్టలు పడుతుంది, పాతదానికి పెద్ద ధర రాదు. 1913లో ఇంగ్లండు షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ తుప్పుపట్టని ఉక్కు మీద చేసిన పని దశాబ్దాలు గడిచాక మన వంటింటికి చేరింది. 1981లో సేలం ఉక్కు కర్మాగారం స్టెయిన్‌లెస్ స్టీలు రేకు తయారుచెయ్యడం మొదలుపెట్టే నాటికి దక్షిణాదిలో పెళ్లి చదివింపులంటే స్టీలు సామానే అయింది. పాత జరీచీరలు తీసుకుని స్టీలు గిన్నెలిచ్చే వీధి వ్యాపారం, కంచం అంచున పేర్లు కొట్టించే చిన్న మిషను, ఇవి ఆ కాలపు ఆనవాళ్లు. స్టీలు చేసిన అసలు మేలు ధరలో లేదు, చాకిరిలో ఉంది. కళాయి అక్కర్లేదు, చింతపండు రుద్దక్కర్లేదు, చిలుము భయం లేదు, పగలదు. మూడు ఖాతాల్లో ఎవరూ పట్టించుకోని రెండో ఖాతాను నిజంగా తగ్గించిన మొదటి పాత్ర అదే. పైగా ఉన్నవాడి ఇంట్లోనూ కూలివాడి ఇంట్లోనూ ఒకే రకం కంచం కనబడటం మన భోజన చరిత్రలో చిన్న విషయం కాదు.

స్టీలు కుదురుకున్న కొన్నాళ్లకే మార్కెట్లోకి ఇంకో సరుకు దిగింది: థర్మోకోల్ ప్లేట్లు, పలచటి ప్లాస్టిక్ గ్లాసులు, పాలిథీన్ పూత పూసిన కాగితం విస్తర్లు. విందు రోజు ఆకు స్థానాన్ని ముందు ఆక్రమించాయి, తరువాత మెల్లగా ఇంట్లోకి వచ్చాయి: పనిమనిషి రాని రోజు, చుట్టాలు వచ్చిన రోజు, నీళ్ల ట్యాంకర్ ఆలస్యమైన రోజు. ఇవి ఆకు వేషం వేసుకున్నాయి, ఆకు ధర్మాన్ని వదిలేశాయి. ఎంగిలి అరిటాకు పశువు నోటికి మేత, పెంటకుప్పకు ఎరువు. అంటే ఆకు విషయంలో ఎంగిలి ఖాతా ఖర్చు రాయదు, కాస్త జమ కూడా రాస్తుంది. ప్లాస్టిక్ పూత ఉన్న ప్లేటు కుళ్లదు, కాలిస్తే విషపు పొగ, మురుగుకాలవలో పడితే వాన రోజు వీధి చెరువు, ఆవు తింటే దాని కడుపులో ముద్ద. కొన్నవాడు రూపాయి ఇచ్చాడు, మిగతా బిల్లు ఊరు కడుతోంది. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్, థర్మోకోల్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్ల మీద దేశమంతటా నిషేధం రావడానికి కారణం ఆ కట్టని బిల్లే.

ఇప్పుడు ఇంటి లెక్క. నలుగురున్న కుటుంబం రోజుకు రెండు పూటలు తింటే ఏడాదికి 2,920 కంచాల భోజనం. వాడిపారేసే ప్లేటు ఒక్కటి 2 రూపాయలనుకుందాం. ఏడాదికి 5,840 రూపాయలు. స్టీలు కంచం 150 చొప్పున నాలుగు 600. వాటిని 20 ఏళ్లు వాడతామనుకుంటే 58,400 భోజనాలు, ఒక్కో భోజనానికి పడేది ఒక్క పైసా. తోమడానికి పౌడరు, నీళ్లు కలిపి ఒక్కో కంచానికి 25 పైసలు వేసుకున్నా ఏడాదికి 730 రూపాయలు. అంటే కంచం 86 భోజనాల్లో, రోజుకు రెండు చొప్పున 43 రోజుల్లో తన డబ్బు రాబట్టేస్తుంది. ఆ 20 ఏళ్లలో మిగిలిన కాలమంతా లాభమే. ధరలు ఊరిని బట్టి మారతాయి, కానీ ఈ తేడా ఎంత పెద్దదంటే, ఏ ధర వేసుకున్నా నిత్యభోజనంలో ఫలితం తారుమారు కాదు. అదే విందుకు లెక్క వేస్తే బొమ్మ తిరగబడుతుంది. 300 మందికి 150 చొప్పున కంచాలు కొంటే 45,000 రూపాయలు. ఏడాదికి ఒక్క విందు చేసే ఇంట్లో ఆ కంచం 86 సార్లు వాడాలంటే 86 ఏళ్లు కావాలి. పాతవాళ్లు వేసుకున్న పంపకం, నిత్యానికి లోహం, విందుకు ఆకు, ఈ అంకెలు లేకుండానే ఈ అంకెల మీదే నిలబడింది.

ఈ వాదానికి ఎదురుగా వచ్చే అభ్యంతరాల్లో గట్టిది చాకిరిదే: మగవాళ్లు చెయ్యి పెట్టని ఇంట్లో కంచం వాడమనడం ఆడవాళ్ల మీద భారం మోపడం కాదా? ఈ మాటలో నిజం ఉంది, పైన చరిత్ర కూడా అదే చెప్పింది. కానీ కంచాలు పారేసినంత మాత్రాన అంట్ల చాకిరి పోదు. కుక్కరు, మూకుడు, పాలగిన్నె, పులుసు మాడిన గిన్నె ఎలాగూ తోమాలి. అసలు బరువు అక్కడుంది. నున్నటి స్టీలు కంచానికి పట్టేది అర నిమిషం. పరిష్కారం ప్లేటు పారెయ్యడంలో లేదు, ఎవరు తిన్న కంచం వాళ్లు కడుక్కోవడంలో ఉంది. ఇంటి ఖర్చును తగ్గించే పద్ధతి, ఇంటి న్యాయాన్ని పెంచే పద్ధతి ఇక్కడ ఒకటే. రెండో అభ్యంతరం నీళ్లు. అనంతపురం లాంటి కరవు జిల్లాల్లో బిందె నీళ్లకు విలువ ఎంతో చెప్పక్కర్లేదు. అయితే పంపు వదిలేసి కడగడం వేరు, రెండు బేసిన్లలో తోమి జాడించడం వేరు. రెండో పద్ధతిలో నీటి ఖర్చు చాలా తక్కువ. కాగితం ప్లేటు తయారీలోనూ నీళ్లున్నాయి, అవి మన బిందెలో కనబడవంతే. నిజంగా నీళ్లు లేని రోజున ఆకు వాడటం తప్పు కాదు. మూడోది శుభ్రత. పారేసే పాత్ర పరిశుభ్రమన్న నమ్మకం అన్నిచోట్లా నిలవదు. ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం కప్పులో 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం 15 నిమిషాలుంటే సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు వదులుతుందని ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు తేల్చారు. వేడి చారు పోసుకునే ప్లేటు పూత కూడా ఆ జాతిదే. నాలుగోది, ఆకు ఇవాళ కాగితం కన్నా ఖరీదు కదా అన్నది. అవును. ఎందుకంటే ఆకు తన ఎంగిలి ఖాతా తానే కట్టుకుంటుంది, కోసిన చేతికి కూలి ఇస్తుంది. కాగితం ప్లేటు ఆ రెండూ ఎగ్గొట్టి చవకైంది. అడ్డ తీగను మొదలంటా నరకకుండా ఆకు మాత్రమే కోస్తే అడవికీ లోటు రాదు.

విందు సమస్యకు కొత్త దారి ఒకటి తెరుచుకుంది. కంచం ఇంటిది కాకుండా ఊరిది అయితే లెక్క మారిపోతుంది. షామియానాల వాళ్లు కుర్చీలతో పాటు కంచాలూ గ్లాసులూ అద్దెకివ్వడం ఎప్పటినుంచో ఉన్నదే. సిద్దిపేట జిల్లా గ్రామాల్లో స్టీలు బ్యాంకుల పేరుతో సామాను ఊరుమ్మడిగా ఉంచి, శుభకార్యాలకు ఇచ్చే ఏర్పాటు ఆ ఆలోచనకే మరో రూపం. ఏడాదికి 40 కార్యాలు జరిగే ఊళ్లో ఒక్కో కంచం రెండేళ్లు దాటగానే తన ఖరీదు రాబడుతుంది. ఒక ఇంటికి 86 ఏళ్లు పట్టేది ఊరికి రెండేళ్లు. తోమేవాళ్లకు కూలి ముట్టజెప్పి, ఆ కంచాల్లో అందరూ ఒకే బంతిలో తింటే, పాత ఏర్పాటు దాచిపెట్టిన రెండు అప్పులు, చాకిరిదీ అవమానానిదీ, తీర్చినట్టవుతుంది. అది కుదరని చోట మోదుగ, అడ్డ, అరటి ఉండనే ఉన్నాయి. ఇక రోజువారీ భోజనానికి కొత్తగా కొనవలసింది ఏమీ లేదు. ఎవరి పెళ్లికో చదివించిన కంచాలు, అంచున పేరూ తేదీ చెక్కినవి, మన ఇళ్ల అటకల మీదే బోర్లించి ఉన్నాయి. వాటి ఖరీదు ఎప్పుడో కట్టేశారు. వాటిని దించి కడుక్కోవడమే మిగిలింది.